అంగుళము మిల్లీమీటరైనచోట

అంగుళమునకు 25 మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ యని బడిలో వల్లెవేసిన లెక్క, ఆ తరువాత బట్టలకొట్టులోనో వడ్రంగి ముంగిటనో తప్ప మనలో చాలమందికి జ్ఞప్తికి రాదు. కాని ఆ ఒక్క లెక్కను పట్టుకొని తమ బల్లమీద చిన్న లోకమును సృష్టించుకొన్నవారు కలరు. నిజమైన మోటారుకారును 25వ వంతునకు కుదించినచో దానిమీది ప్రతి అంగుళమును నమూనామీద ఇంచుమించుగా ఒక మిల్లీమీటరగును. 17 అడుగుల కారు జానెడులోపల ఇమిడిపోవును. దానిని నడపు నిండుమనిషి మన బొటనవ్రేలంత యగును. ఇంతవరకు లెక్క సులభమే. అయితే ఈ కుదింపునకు లొంగని వస్తువులు కొన్ని కలవు. రంగుబొట్టు కుదియదు, గాలిలోని ధూళికణము కుదియదు, కట్టువాని వ్రేలు కుదియదు, వాడు వెచ్చింపవలసిన కాలము అసలే కుదియదు. కిట్టు కొని చిన్నకారును కట్టుట యనెడి విద్య యంతయు ఈ మొండి వస్తువులతో సంధి చేసికొనుటయే యని నా అభిప్రాయము.

కిట్టు పెట్టె మూత తీసినవానికి మొదట కలుగునది నిరాశ. మూతమీది చిత్రములో కారు అద్దమువలె మెరయుచుండును. లోపల చూడబోయినచో, పాదునకు విరగకాసిన చిక్కుడుకాయలవలె సన్నని ప్లాస్టిక్ కమ్మీలను అంటిపట్టుకొనియున్న నూరు తునుకలు కనబడును. ఇంజను రెండు చెక్కలుగా నుండును. సీట్లకు వీపు వేరు, అడుగు వేరు. ఇరుసులు, పొగగొట్టములు, గేరుపెట్టె, అద్దము తుడుచు పుల్లలు, అన్నియు ఎక్కడివక్కడ అంకెలు వేసికొని కూర్చుండును. పైతొడుగు మాత్రము ఒక్క ముక్కగా వచ్చును. నల్లని టైర్లు, పారదర్శకమైన కిటికీ అద్దములు, వెండివలె మెరయు బంపర్లు వేరు వేరు సంచులలో నుండును.

ఈ తునుకలు పుట్టు విధము తెలిసికొన్నచో వానితో చేయవలసిన పని సగము తెలిసినట్లే. పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్కును కరగించి, ఉక్కు అచ్చులోనికి గొప్ప ఒత్తిడితో పంపుదురు. ఆ ద్రవము కాలువలగుండ ప్రవహించి, చిన్నచిన్న గుంటలను నింపి, క్షణములలో గట్టిపడును. ఆ కాలువలలో మిగిలినదే మనము చూచు కమ్మీ. అచ్చుయొక్క రెండు దళములు కలిసినచోట తునుకమీద సన్నని గీత మిగులును. అచ్చునుండి తునుకను నెట్టివేసిన కడ్డీలచోట గుండ్రని ముద్రలు పడును. అంటుకొనకుండుటకై అచ్చునకు పూసిన జిడ్డు ఒక్కొక్కప్పుడు తునుకలకు అంటియుండును. కావున అనుభవశాలి మొదట చేయు పని జిగురు పూయుట కాదు, కుంకుడురసమో సబ్బునీరో తీసికొని తునుకలకు తలంటి పోయుట. పిదప గీతలను చాకుమొనతో గీకి, ముద్రలను పూడ్చి, వాటరు పేపరుతో నునుపు చేయును. జిగురు కూడ మనమెరిగిన జిగురు వంటిది కాదు. అది ప్లాస్టిక్కును కొంచెముగా కరగించు ద్రావకము. రెండంచులును కరగి, ఒకదానిలో ఒకటి కలిసి, ద్రావకము ఆవిరియైన పిమ్మట ఏకఖండమగును. అతికినచోటు విరిగెననగా పని తొందరలో జరిగెనని యర్థము.

కుదింపు కొలతలు పలురకములు. అమెరికాలో 25వ వంతు ప్రసిద్ధము. అడుగును అరంగుళముగా గ్రహించిన 24వ వంతు జపానులోను ఐరోపాలోను విరివిగా చెల్లును. 43వ వంతు అను విచిత్రమైన అంకె బొమ్మరైళ్ళవలన వచ్చినది. బ్రిటిషు బొమ్మరైళ్ళవారు అడుగునకు 7 మిల్లీమీటర్ల కొలతను వాడుకొనగా, ఆ పట్టాల ప్రక్కన నిలుపు కార్లకు కూడ అదే కొలత సంక్రమించెను. 25వ వంతు కిట్టు పుట్టిన కథ మాత్రము రైళ్ళది కాదు, కార్ల వ్యాపారులది.

1948లో మిషిగన్ రాష్ట్రమున వెస్ట్ గాలోగ్లీ అను న్యాయవాది అల్యూమినియముతో చిన్న ఫోర్డు కార్లను పోతపోయించు వ్యాపారము నారంభించెను. అల్యూమినియం మోడల్ టాయ్స్ అను దాని పేరు క్రమముగా ఏ.ఎం.టి. అయ్యెను, లోహము పోయి ప్లాస్టిక్ వచ్చినను పేరు మారలేదు. డెట్రాయిట్ శివారులయందలి ట్రాయ్ పట్టణము ఆ సంస్థకు చిరకాలము నిలయమయ్యెను. ఆ చిన్నకార్లు పిల్లల ఆటకొరకు పుట్టినవి కావు. క్రొత్త కారు బజారుకు వచ్చునాటికే దాని నమూనాను విక్రేత బల్లమీద నిలిపి, అసలు కారునకు వేయు రంగులనే దానికిని వేసి, కొనవచ్చినవానికి చూపుటకును, తండ్రి బేరమాడుచుండగా కొడుకు చేతిలో పెట్టుటకును అవి యుద్దేశింపబడెను. కార్లకంపెనీలు తమ నక్షాలను ముందుగానే వీరికి ఇచ్చుచుండెను. శిల్పులు 10వ వంతు పరిమాణములో కొయ్యతో కారును చెక్కుదురు. పాంటోగ్రాఫ్ అను యంత్రముయొక్క ఒక చేయి ఆ కొయ్యమీద నడచుచుండగా, రెండవ చేయి అదే నడకను కుదించి ఉక్కులో తొలుచును. పెద్దదానిమీద తడిమిన ప్రతి వంపును చిన్నదానిమీద చెక్కు ఆ యంత్రమే ఈ విద్యకు ఆదిగురువు.

1958లో ఏ.ఎం.టి. ఒక చిన్న మార్పు చేసెను. విక్రేతలకై సిద్ధముచేసిన అచ్చులతోనే తునుకలను పోసి, కట్టకుండ పెట్టెలో పెట్టి, వానితోపాటు అదనముగా కొన్ని తునుకలను చేర్చి, పిల్లలకు అమ్మసాగెను. ఆ పెట్టెమీద ఒకే కిట్టుతో మూడు విధములుగా కట్టవచ్చునని వ్రాసియుండెను: కార్ఖానానుండి వచ్చినట్లు ఒక విధము, పందెమునకు పోవునట్లు ఒక విధము, స్వంత అభిరుచి ననుసరించి మార్చినట్లు ఒక విధము. ఒక కారునకు రెండు జతల చక్రములు, రెండు మూడు రకముల ముఖములు, వెనుక దీపములు. కారు కొను వయసు రాని బాలుడు తన కారు ఎట్లుండవలెనో తానే నిశ్చయించుకొను అధికారమును కొద్ది చిల్లరకు పొందెను. పెట్టెలోని కాగితము దారి చూపును. కాని అదనపు తునుకలు ఆ దారిని దాటుమని చెవిలో చెప్పుచుండును. ఈ కిట్టులు పెక్కేండ్లు అమ్ముడుపోవుటకు ఆ గుసగుసయే కారణమని నేననుకొందును.

అదే కాలమున ఆ దేశములో పిల్లల చేతిపనికి మరియొక గొప్ప ప్రోత్సాహముండెను. జనరల్ మోటార్సువారి శాఖయైన ఫిషర్ బాడీ సంస్థ 1930లో బాలురకొరకు ఒక పోటీ నేర్పరచెను. మొదట నెపోలియను నాటి గుర్రపుబండి నమూనాను కొలతలు తప్పకుండ చేయవలసియుండెను; కొన్నేండ్లకు స్వంత ఊహతో కారును రూపొందించి 12వ వంతులో చెక్కు పోటీ వచ్చెను. గెలిచినవారికి కళాశాల చదువునకు విద్యార్థివేతనములు లభించెను. 1968 వరకు సాగిన ఆ పోటీలో 1947లో నెగ్గిన చక్ జోర్డన్ అను బాలుడు తరువాతి కాలమున ఆ జనరల్ మోటార్సులోనే రూపకల్పన విభాగమునకు అధిపతి యయ్యెను. చిన్నకారు పెద్దకారునకు త్రోవ చూపిన ఉదాహరణ మింకొకటి కలదు. 1968లో మోనోగ్రామ్ కంపెనీకై టామ్ డానియల్ అను చిత్రకారుడు, జర్మను సైనికుని ఇనుపటోపీయే పైకప్పుగా గల రెడ్ బారన్ అను వింతకారును కల్పించెను. ఆ కిట్టు విశేషముగా అమ్ముడుపోయిన పిమ్మట, దానిని చూచి నిజమైన కారును కట్టిరి. అది మొదట జానెడు కారు, తరువాత నిండుకారు.

కారు రూపును మార్చుట యనగా నేమో తెలియవలెనన్నచో దక్షిణ కాలిఫోర్నియాకు పోవలెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చటి యువకులు పాత ఫోర్డులను, మెర్క్యురీలను చౌకగా కొని, వానిని కోసి, అతికి, నేలకు దించి, క్రొత్త అవతారమెత్తించుచుండిరి. తలుపుల పిడులను తీసివేసి ఆ రంధ్రములను పూడ్చుట ఒక పద్ధతి. దీపములను పైతొడుగులోనికి పొదిగి అంచులను మరుగుపరచుట ఒక పద్ధతి. అన్నిటికంటె కష్టమైనది, కిటికీల ఎత్తును తగ్గించి పైకప్పును దించుట. దానిని వారు చాప్ అందురు. గ్రీకు వలసకుటుంబమున పుట్టిన సామ్ బారిస్, జార్జి బారిస్ అను సోదరులు ఈ విద్యలో పేరుమోసినవారు. సామ్ తన 1949 మెర్క్యురీకి చేసిన చాప్ నేటికిని ఆదర్శముగా నిలిచియున్నది. తమ్ముడైన జార్జి, 1955 నాటి లింకన్ ఫ్యూచురా అను ప్రదర్శనకారును మార్చి, 1966 నాటి టెలివిజను ధారావాహికకై బ్యాట్‌మన్ కారును తయారుచేసినవాడు. ఏ.ఎం.టి. సంస్థ ఈ జార్జి సలహాలను తీసికొనెను. రెవెల్ సంస్థ ఎడ్ రోత్ అను మరియొక విచిత్రశిల్పి కార్లను కిట్టులుగా మార్చెను.

ఇపుడు బల్లయొద్దకు వత్తము. ఎదుట 25వ వంతు మెర్క్యురీ పైతొడుగు ఉన్నది; దాని పైకప్పును 4 అంగుళములు దించవలెను. మన లెక్కప్రకారము 4 మిల్లీమీటర్లు తీసివేసిన చాలును, అరటిపండు వలిచినంత పని యని తోచును. కిటికీల స్తంభములచుట్టు సన్నని టేపు అతికించి, దాని అంచు ననుసరించి సన్నపండ్ల రంపముతో మెల్లగా కోసి, 4 మిల్లీమీటర్ల ముక్కలను తీసివేసి, పైకప్పును తెచ్చి క్రింది మొండెముమీద నిలిపి చూడుడు. అది కూర్చుండదు. ముందు స్తంభము పైకి పోవుకొలది వెనుకకు వాలియుండును. వెనుక స్తంభము పైకి పోవుకొలది ముందునకు వాలియుండును. నడుమ ముక్క పోవుటచేత పైకప్పు పాదములు రెండును లోపలివైపునకు జరిగి, మొండెముమీది మొలకలను అందుకొనలేవు. దించిన కప్పు పొడవు చాలని దుప్పటి వంటిది. తలకు కప్పిన కాళ్ళు, కాళ్ళకు కప్పిన తల బయటపడును. అపుడు చేయవలసినదేమనగా, బాగుగానున్న ఆ పైకప్పును నడిమికి అడ్డముగా రెండు ముక్కలు చేసి, ముందుముక్కను ముందునకును వెనుకముక్కను వెనుకకును జరిపి, స్తంభములను ఒరయించి అతికి, నడుమ మిగిలిన సందులో ప్లాస్టిక్ రేకు నమర్చవలెను. 4 మిల్లీమీటర్లు తగ్గించుటకై పొడవు పెంచవలసివచ్చెను! సామ్ బారిస్ నిజమైన ఇనుపరేకుమీద ఎదుర్కొన్న చిక్కు సరిగా ఇదియే. కారు చిన్నదైనను చిక్కు చిన్నది కాలేదు. ముందరి అద్దము సంగతి మరి చెప్పనక్కరలేదు; కిట్టులోని దళసరి అద్దమును కోయబోయిన పగులును గనుక, పలుచని పారదర్శకపు షీటునుండి క్రొత్త అద్దమును కత్తిరించుకొనుట మేలు.

అతుకులు, సందులు పూడ్చు పదార్థమును వారు పుట్టీ అందురు. మన ఇండ్లకు సున్నము వేయువారు దీనినే లప్పమందురు. నాకు మాత్రము ఈ ఘట్టమునకు వచ్చినపుడెల్ల కొండపల్లి స్మరణకు వచ్చును. అచ్చటి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యతో తల వేరు, చేతులు వేరు, మొండెము వేరు చెక్కి, చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో వానిని అతికి, సందులు పూడ్చి, ఆరబెట్టి, సున్నపుపూత పూసి, అటుపిమ్మట గాని రంగు ముట్టరు. డెట్రాయిట్ నమూనాకును క్రమమదియే: వేరు వేరు తునుకలు, మక్కు, రాపిడి, ప్రైమరు, రంగు. సున్నపుపూత ఎందుకో కొండపల్లివారికి తెలియును. ప్రైమరు ఎందుకో కిట్టువారికి తెలియును. రెండును అడుగుదాని మచ్చలను మాపి, రంగునకు సమానమైన పీట వేయును. ఎర్రప్లాస్టిక్కుమీద ప్రైమరు లేక తెల్లరంగు వేసినవాడు కొన్నాళ్ళకు గులాబిరంగు కారును చూచును. అడుగునున్న ఎరుపు పైకి ఊరివచ్చును.

మొండి వస్తువులలో మిక్కిలి మొండిది రంగు. నిజమైన కారుమీది రంగుపూతలన్నియు కలిసి మిల్లీమీటరులో పదవవంతు మందముండును. దానిని 25వ వంతునకు కుదించుట ఎవరితరము? మన నమూనామీద కూడ పూతలన్నియు కలిసి ఇంచుమించుగా అంతే మందమగును. అనగా ఆ చిన్నలోకపు మనిషి కన్నులకు కారుమీద రెండున్నర మిల్లీమీటర్ల దళసరి రంగు పట్టియుండును. తలుపుచుట్టు గల సన్నని గాడి ఆ రంగులో మునిగిపోవును. కావుననే నేర్పరులు రంగు వేయుటకు ముందే ఆ గాడిని చాకు వీపుతో లోతుచేసికొందురు. తలవెండ్రుక యొకటి తడిరంగుమీద పడెనా, ఆ కొలతలో అది దాదాపు రెండు మిల్లీమీటర్ల లావు త్రాడు. అర మిల్లీమీటరు నలుసు అరంగుళపు గులకరాయి. ఇందుచేత రంగును ఒక్కసారిగా కుమ్మరింపక, పలుచని పొరలుగా స్ప్రేతో చల్లి, పొరపొరకును వ్యవధి నిచ్చి, చివర మిక్కిలి సన్నని వాటరు పేపరుతో నీటిలో రుద్ది, మెరుగు పెట్టుదురు.

ఈ విషయమున నా స్వంత అవివేకమొకటి చెప్పుకొనవలెను. విశాఖలో ఒక శ్రావణమాసమున, నాలుగు వారములు శ్రమించి నునుపు చేసిన పైతొడుగునకు నిగనిగలాడు నల్లరంగు చల్లితిని. కిటికీ బయట ముసురు పట్టియుండెను. గోడలకు సైతము చెమ్మ ఊరుచుండెను. రెండు నిమిషములలో ఆ నలుపుమీద పాలపొరవంటి తెలుపు వ్యాపించి, కారు బూజుపట్టిన పచ్చడివలె నయ్యెను. కారణము తరువాత తెలిసినది: రంగులోని ద్రావకము వేగముగా ఆవిరియగునపుడు ఉపరితలము చల్లబడును, తేమగాలిలోని నీరు ఆ చల్లదనమునకు మంచువలె దానిమీద దిగి రంగులో చిక్కుకొనును. ఆషాఢ శ్రావణములలో సముద్రతీరమున లాకరు రంగు జోలికి పోరాదని నాకు బోధించినది ఆ నల్లకారే. ఎండ కాసిన కార్తికము వరకు వేచి, రుద్ది, మరల చల్లితిని.

ఆపై మిగిలినవి అలంకారములు. కిట్టులోని బంపర్లకు వెండిమెరుగు వచ్చుట వెండివలన కాదు. గాలి తీసివేసిన గదిలో అల్యూమినియమును ఆవిరిచేసి వానిమీద దిగునట్లు చేయుదురు. పైతొడుగుమీది సన్నని లోహపు పట్టీలకు మాత్రము రంగు వేయుటకంటె, జిగురుగల పలుచని లోహపు రేకును అతికి, పుల్లతో ఒత్తి, పదునైన చాకుతో అంచులు కోయుట శ్రేష్ఠము. ఇంజనులో స్పార్కుప్లగ్గులకు పోవు తీగలు నిజముగా 7, 8 మిల్లీమీటర్ల లావుండును గనుక, 0.3 మిల్లీమీటర్ల సన్నని తీగ కావలెను. అట్టిది పాడైపోయిన ఇయర్‌ఫోను త్రాడులో దొరకును. అద్దములను అతికించుటకు క్షణములో పట్టు జిగురు పనికిరాదు. దాని ఆవిరి సోకి అద్దము తెల్లబడును. తెల్లని కొయ్యజిగురు ఆరినపుడు పారదర్శకమగును గనుక అదియే మేలు.

అమెరికావారి దృష్టి మార్పుమీద నిలువగా, జపానువారి దృష్టి యథార్థతమీద నిలిచెను. షిజువోకా నగరమున 1946లో కలప వ్యాపారముగా మొదలైన టమియా సంస్థ, కొయ్యనమూనాలనుండి ప్లాస్టిక్కునకు మారి, తునుకలు ఒకదానిలో ఒకటి పొందికగా అమరుటలో ప్రపంచమునకు ఒరవడి పెట్టెను. 1976లో వెలువడిన పోర్షె 934 నమూనా కొరకు ఆ సంస్థకు చెందిన షున్‌సాకు టమియా నిజమైన పోర్షె 911 కారును కొని, కొలతలకై దానిని విడదీయించెను. ఒక బొమ్మకొరకు కారును బలియిచ్చుట కొందరికి వెర్రిగా తోచవచ్చును; కాని ఆ కిట్టును కట్టినవాడు ఏ మర ఎక్కడిదో ఎరిగినవానివలె నడచును. నేడు ఇంటనే త్రీడీ ప్రింటరుతో చక్రములు, సీట్లు ముద్రించుకొనువారు పెరుగుచున్నారు. పాంటోగ్రాఫ్ చేసిన పనిని కంప్యూటరు చేయుచున్నది. రంపమును పట్టుకొను చేయి మాత్రము పాతదే.

ఈ పని నారంభింపదలచువారికి కొన్ని మాటలు. మొదటి కిట్టు చౌకదిగా, తునుకలు తక్కువదిగా ఉండవలెను. పైకప్పు కోయుట మూడవ నాల్గవ కిట్టు వరకు ఆగవలెను. కట్టరు, చాకు, ఆకురాయి, పట్టకారు, బట్టలకు పెట్టు క్లిప్పులు, వాటరు పేపరు చాలును. జిగురుకును స్ప్రేకును కిటికీలు తెరచియుండవలెను, ముక్కునకు మాస్కు ఉండవలెను. పసిపిల్లల చేతికి చాకు నీయరాదు. జిగురు అంటించుటకు ముందు తునుకలను ఒకసారి పొడిగా అమర్చి చూచుకొనవలెను. సరిపడనిది జిగురుతో సరిపడదు. కడపట, రంగు చల్లిన రాత్రి అది ఆరెనా లేదా యని ముట్టి చూడవలెనను కోరిక ప్రతివానికిని పుట్టును. ముట్టిన వ్రేలిముద్ర ఆ కారుమీద అడుగునకు పైబడిన వెడల్పు మచ్చయై శాశ్వతముగా నిలుచును. ఒక ప్లాస్టిక్ చెంచాకు అదే రంగును అదే వేళ చల్లి ప్రక్కన ఉంచుకొనుడు. ఎన్నిమారులైనను ఆ చెంచానే ముట్టి చూడుడు.